బెంగళూరు మిద్దె మీద నుంచి ఐనోస్ఫియర్‌ను కొలవడం: యాంటెన్నా నుంచి గ్రాఫు దాకా

రాకెట్టూ రాడారూ లేకుండా అంతరిక్ష ప్లాస్మా (ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివడి ఉన్న వాయువు) మీద నిఖార్సైన పని చేయాలంటే దగ్గరి దారి జీపీఎస్. ప్రతి ఉపగ్రహమూ ఒకే సమయంలో రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ పంపుతుంది. దారిలో అడ్డుపడే ఐనోస్ఫియర్, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని అయనావరణం, రెండింటినీ ఒకేలా ఆపదు. ఫ్రీక్వెన్సీ తక్కువైతే ఆలస్యం ఎక్కువ. ఆ తేడాను కొలిస్తే దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో తేలుతుంది. ఈ లెక్కకే టీఈసీ (టోటల్ ఎలక్ట్రాన్ కంటెంట్) అని పేరు. ఒక చదరపు మీటరు అడ్డుకోత ఉన్న గొట్టం ఉపగ్రహం నుంచి యాంటెన్నా దాకా ఉందనుకోండి. అందులో ఒకటి పక్కన పదహారు సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు ఉంటే అది ఒక టీఈసీ యూనిట్. జీపీఎస్ రెండు ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువదాన్ని ఎల్1, తక్కువదాన్ని ఎల్2 అంటారు. ఎల్1 సిగ్నల్‌ను ఒక యూనిట్ 16 సెంటీమీటర్ల మేర ఆలస్యం చేస్తుంది.

బెంగళూరులో ఈ కొలతకు దక్కే ఫలితం ఢిల్లీలోనో బెర్లిన్‌లోనో దక్కదు. ఇక్కడ జరిగే తప్పులు కూడా వేరు. మధ్య అక్షాంశాల ప్రశాంతమైన ఆకాశాన్ని మనసులో పెట్టుకుని రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టు నడిపితే, మీరు చూడాలనుకున్న దాన్నే అది చెత్త అని తీసి పారేస్తుంది. అలా జరగకుండా చూసుకోవడమే ఈ పనిలో సగం.

ముందు మీ మిద్దెకు ఏం కనిపిస్తుందో లెక్కేసుకోండి

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. 1963 నవంబరు 21న మన దేశం నుంచి తొలి రాకెట్‌ను ప్రయోగించడానికి కేరళలోని తుంబాను ఎంచుకున్నది అందుకే. పగటిపూట అక్కడ తూర్పు దిశగా విద్యుత్ క్షేత్రం ఉంటుంది, అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి పడుకుని ఉంటుంది. ఈ రెండూ కలిసి ప్లాస్మాను పైకి ఎత్తుతాయి. ఎత్తుకు చేరిన ప్లాస్మా అయస్కాంత రేఖల వెంబడి ఇరువైపులా జారి, అయస్కాంత అక్షాంశం 15 డిగ్రీల దగ్గర పోగుపడుతుంది. మన వైపు ఆ పోగు అహ్మదాబాద్, భోపాల్ అక్షాంశాల్లో ఉంటుంది. మధ్యలో, కన్యాకుమారి మీద, పల్లం. బెంగళూరు ఆ పల్లానికీ పోగుకూ మధ్య వాలు మీద ఉంది.

ఉపగ్రహం నుంచి వచ్చే కిరణం 350 కిలోమీటర్ల ఎత్తులో ఐనోస్ఫియర్‌ను దాటే చోటును పియర్స్ పాయింట్ అంటారు. ఉపగ్రహం దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ పాయింట్ మీ మిద్దెకు దాదాపు 535 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అంటే సరిగ్గా దక్షిణాన ఉన్న ఉపగ్రహాన్ని కొలుస్తున్నప్పుడు మీరు కొలిచేది కన్యాకుమారి మీది ప్లాస్మా. ఈశాన్యంలో అదే ఎత్తున ఉంటే దాదాపు మచిలీపట్నం మీదిది, వాయవ్యంలో ఉంటే కొల్హాపూర్ పరిసరాలది. ఈ మూడింటినీ కలిపి సగటు తీసి "బెంగళూరు టీఈసీ" అని ఒక్క గీత గీస్తే పల్లమూ వాలూ రెండూ అందులో మునిగిపోతాయి. అందుకే మొదటి రోజు నుంచీ ప్రతి కొలత పక్కనా పియర్స్ పాయింట్ అక్షాంశం, రేఖాంశం రాసి పెట్టుకోండి. సగటు ఎప్పుడైనా తీయవచ్చు, తీశాక వెనక్కి విడగొట్టలేం.

సరిగ్గా ఉత్తరాన 37 డిగ్రీల కంటే కింద జీపీఎస్ ఉపగ్రహాలు ఉండవు. వాటి కక్ష్యలు 55 డిగ్రీల వంపులో ఉండటమే కారణం. ఆ మూల ఖాళీగా కనిపిస్తే యాంటెన్నా చెడిందని కంగారుపడొద్దు. ఈశాన్య, వాయవ్య మూలల్లో మాత్రం కిందిదాకా దొరుకుతాయి. అక్కడ 15 డిగ్రీల ఎత్తు దాకా తీసుకుంటే పియర్స్ పాయింట్లు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని, అంటే ఆదిలాబాద్ దరిదాపులను అందుకుంటాయి. ఒక్క మిద్దె నుంచి కన్యాకుమారి మొదలుకొని తెలంగాణ ఉత్తరపు కొస దాకా అక్షాంశాలను చూడటం చిన్న విషయం కాదు.

రిసీవర్ కొనకముందు: ఐఐఎస్‌సీ ఫైలుతో సాధన

భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో అంతర్జాతీయ జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ వంటి ఉపగ్రహ వ్యవస్థల) సేవకు చెందిన స్టేషన్ ఉంది, దాని పేరే ఐఐఎస్‌సీ. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న దాని పేరు హెచ్‌వైడీఈ. వీటి రోజువారీ ఫైళ్లు నాసా వారి సీడీడీఐఎస్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. ఎర్త్‌డేటా ఖాతా ఒకటి తెరవాలి, అంతే. ఫైలు రైనెక్స్ అనే, రిసీవర్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే పద్ధతిలో, 30 సెకన్లకొక కొలతతో ఉంటుంది. దాని మీద హతనాకా కుదింపు, ఆ పైన జీజిప్ ఉంటాయి. రెండూ విప్పాలి. జీజిప్ ఒక్కటే విప్పి చదవబోతే అంకెలు అర్థం లేనట్టు కనిపిస్తాయి.

మంచి యాంటెన్నా, మంచి రిసీవర్ ఇచ్చిన ఫైలు మీద మీ ప్రోగ్రామ్ సరిగా నడిచాకే సొంత పరికరానికి వెళ్లండి. లేదంటే గ్రాఫు వంకరగా వచ్చినప్పుడు తప్పు కోడ్‌లో ఉందా, మిద్దె మీద ఉందా అన్నది తేల్చుకోలేరు.

సాధనకు భూ అయస్కాంత క్షేత్రం ప్రశాంతంగా ఉన్న రోజును ఎంచుకోండి. జర్మనీలోని జీఎఫ్‌జెడ్ పాట్స్‌డామ్ ప్రతి నెలా అత్యంత ప్రశాంతమైన పది రోజుల జాబితా ఇస్తుంది, అందులోంచి ఒకటి తీసుకుంటే చాలు.

లెక్క ఇలా. రిసీవర్ దూరాన్ని రెండు రకాలుగా కొలుస్తుంది: సిగ్నల్‌లోని సంకేతం ప్రయాణించిన సమయంతో (కోడ్), దాన్ని మోసే తరంగపు సైకిళ్ల లెక్కతో (ఫేజ్). కోడ్ దూరాల్లో ఎల్2 నుంచి ఎల్1 తీసేయండి. మీటర్లలో వచ్చిన తేడాను 9.52తో గుణిస్తే ఆ దారి వెంబడి ఉన్న టీఈసీ వస్తుంది. దీన్ని వాలు టీఈసీ అందాం. 9.52 అన్న అంకె 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్ జంటకే చెల్లుతుంది. యూరప్ ఉపగ్రహ వ్యవస్థ గెలీలియో ఈ1, ఈ5బీ జంటకు 8.76, జీపీఎస్ ఎల్1, ఎల్5 జంటకు 7.76. అన్నింటికీ 9.52 వాడేసి, గెలీలియో ఎందుకు ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుందా అని వెతుక్కోవడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు.

ఫేజ్ కొలతల్లో గుర్తు తిరగబడుతుంది. కోడ్‌ను ఆలస్యం చేసే ప్లాస్మా ఫేజ్‌ను ముందుకు నెడుతుంది. అందుకని ఫేజ్‌లో ఎల్1 నుంచి ఎల్2 తీసేయాలి. సైకిళ్లను ముందు మీటర్లలోకి మార్చండి: ఎల్1కు 19.03 సెంటీమీటర్లు, ఎల్2కు 24.42. మధ్యాహ్నం పెరగాల్సిన గీత పడిపోతుంటే గుర్తు తప్పిందని అర్థం.

కోడ్ నిజమైన స్థాయి చెబుతుంది, కానీ రొద ఎక్కువ. సాదా యాంటెన్నాతో ఒక మీటరు అటూఇటూ ఊగడం మామూలే, అంటే దాదాపు పది యూనిట్ల ఊపు. ఫేజ్ మిల్లీమీటర్ల దాకా నున్నగా ఉంటుంది, కానీ ఎక్కడ మొదలైందో దానికి తెలియదు. రెండింటినీ కలపాలి. ఒక ఉపగ్రహం తెగకుండా కనిపించిన మొత్తం వ్యవధిని ఆర్క్ అంటారు. ఆర్క్ అంతటా కోడ్‌కూ ఫేజ్‌కూ ఉన్న తేడాను సగటు తీసి, ఫేజ్ గీతను ఆ మేర ఎత్తి నిలబెట్టండి. సగటులో ఎత్తైన కొలతలకు ఎక్కువ బరువివ్వండి, ఉపగ్రహం ఎత్తు కోణపు సైన్ వర్గం సరిపోతుంది. అరగంట కంటే పొట్టి ఆర్క్‌లకు ఈ లెవలింగ్ నిలవదు. వాటిని స్థాయి కోసం వాడొద్దు, అలాగని చెరిపేయనూ వద్దు. వాటి అవసరం సాయంత్రం వస్తుంది.

వాలు టీఈసీని నిలువు టీఈసీగా మార్చడానికి, ప్లాస్మా అంతా 350 కిలోమీటర్ల ఎత్తులో ఒక పలుచని గుల్లలా ఉందనుకుని భాగిస్తాం. 60 డిగ్రీల ఎత్తులో భాజకం 1.14, 30 డిగ్రీల దగ్గర 1.75, 15 డిగ్రీల దగ్గర 2.49. మధ్య అక్షాంశాల వాళ్లు 15 దాకా ధైర్యంగా దిగుతారు. ఇక్కడ మధ్యాహ్నం వేళ పల్లానికీ పోగుకూ మధ్య వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి, దక్షిణం వైపు, ఉత్తరం వైపు వేర్వేరు తప్పులు వస్తాయి. స్థాయి చెప్పేటప్పుడు 30 డిగ్రీల కింద కొలతలు పక్కన పెట్టండి.

బయాస్: ఇక్కడ తొందరపడితే అంతా పోతుంది

ఉపగ్రహంలోనూ రిసీవర్‌లోనూ రెండు ఫ్రీక్వెన్సీలు వేర్వేరు ఎలక్ట్రానిక్స్ గుండా పోతాయి. ఆ దారుల మధ్య నానోసెకన్ల తేడా ఉంటుంది, దాన్నే బయాస్ అంటారు. ఒక నానోసెకను అంటే 2.85 యూనిట్లు. పది నానోసెకన్లు తప్పితే రాత్రి టీఈసీ మొత్తం కంటే తప్పే పెద్దది.

ఉపగ్రహాల బయాస్ ఫైళ్లను యూరప్‌లోని సీఓడీఈ అనే విశ్లేషణ కేంద్రం, చైనా విజ్ఞాన అకాడమీ వంటివి ప్రచురిస్తాయి. ఏ సిగ్నల్ జంటకు ఇచ్చారో తప్పనిసరిగా చూడండి. ఐఐఎస్‌సీ వంటి స్టేషన్ల ఫైల్లో ఎల్2 కొలత సీ2డబ్ల్యూ అని ఉంటుంది. చవక రిసీవర్ కొలిచేది సివిలియన్ ఎల్2సీ, దాని పేరు సీ2ఎల్. రెండిటికీ బయాస్ ఒకటి కాదు. మీ జంటకు నేరుగా విలువ లేకపోతే సీ1సీ–సీ2డబ్ల్యూ, సీ2డబ్ల్యూ–సీ2ఎల్ అనే రెండింటినీ కూడండి. గుర్తు సరిగా వేశారో లేదో చూడటం తేలిక: తెల్లవారుజామున అన్ని ఉపగ్రహాల గీతలూ దగ్గరికి చేరాలి. బయాస్ వేశాక ఇంకా చెదిరితే గుర్తు మార్చి చూడండి.

రిసీవర్ బయాస్ మీరే తేల్చుకోవాలి. రాత్రి 2 నుంచి 5 గంటల మధ్య ఐనోస్ఫియర్ పలుచబడి, సమతలంగా ఉంటుంది. ఆ వేళలో అన్ని ఉపగ్రహాల నిలువు టీఈసీలు ఒకదానితో ఒకటి వీలైనంత దగ్గరగా వచ్చే బయాస్ విలువను వెతకండి. 0.1 నానోసెకను అడుగులతో, మైనస్ 60 నుంచి ప్లస్ 60 దాకా వెతికించడానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఒక్క రాత్రి విలువను నమ్మొద్దు. వారం రోజుల విలువలు పక్కపక్కన పెట్టి మధ్యస్థ విలువ తీసుకోండి.

సరిచూసుకోవడానికి ఒక గుర్తు ఉంది. బయాస్ ఇంకా మిగిలి ఉంటే, దాని ప్రభావం ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు నిలువు టీఈసీలో ఎక్కువగా, దిగంతం దగ్గర తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి తెల్లవారుజాము ఆర్క్‌లన్నీ మధ్యలో ఉబ్బితే బయాస్ ఎక్కువ మిగిలింది, మధ్యలో గుంటపడితే ఎక్కువ తీసేశారు. విలువలు సున్నా కిందికి పోతే ఇక చెప్పక్కర్లేదు. ఇదే పరీక్షను మధ్యాహ్నం పెట్టొద్దు. ఆ వేళ గుంటా ఉబ్బూ నిజంగానే ఆకాశంలో ఉంటాయి.

ప్రపంచ పటాల ఐయొనెక్స్ ఫైళ్లతో పోల్చండి, కానీ వాటినే గీటురాయి చేసుకోవద్దు. వాటి గడి అక్షాంశంలో 2.5 డిగ్రీలు, రేఖాంశంలో 5 డిగ్రీలు. మన పల్లాన్నీ పోగునూ అవి నునుపు చేసేస్తాయి. మధ్యాహ్నం పది యూనిట్ల తేడా వచ్చిందని మీ సరైన కొలతను దిద్దేసుకుంటే నష్టపోయేది మీరే.

సొంత స్టేషన్

యూ-బ్లాక్స్ జెడ్‌ఈడీ-ఎఫ్9పీ చిప్ ఉన్న బోర్డు ఈ పనికి సరిపోతుంది. అది జీపీఎస్ ఎల్1, ఎల్2సీ, గెలీలియో ఈ1, ఈ5బీ, చైనా వ్యవస్థ బైదూ బీ1ఐ, బీ2ఐ పట్టుకుంటుంది. పాత జీపీఎస్ ఉపగ్రహాలు కొన్ని ఎల్2సీ అసలు పంపవు, వాటి గడి ఖాళీగా ఉండటం రిసీవర్ లోపం కాదు. రష్యా వ్యవస్థ గ్లోనాస్‌ను ప్రస్తుతానికి వదిలేయండి. దాని ప్రతి ఉపగ్రహమూ వేరే ఫ్రీక్వెన్సీలో పంపుతుంది కాబట్టి బయాస్ లెక్క చిక్కుముడి అవుతుంది.

యాంటెన్నా రెండు ఫ్రీక్వెన్సీలదే అయి ఉండాలి. ఎల్1 ఒక్కదానికే చేసిన కారు యాంటెన్నా పెడితే ఎల్2 అడపాదడపా వచ్చి, పూర్తిగా ఆగకుండా ఏడిపిస్తుంది. చిన్న ప్యాచ్ యాంటెన్నా అయితే కింద 12 నుంచి 15 సెంటీమీటర్ల గుండ్రటి అల్యూమినియం రేకు తప్పదు. కేబులూ కనెక్టర్లూ ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌లో. పది మీటర్లు దాటితే సన్నటి ఆర్‌జీ-58 వద్దు, ఎల్‌ఎంఆర్-400 తీసుకోండి. యాంటెన్నాకు కరెంటు వెళ్లేది కూడా ఈ కేబుల్ గుండానే, కనుక మధ్యలో పెట్టే మెరుపు రక్షక పరికరం డీసీని వదిలే రకమై ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల సాయంత్రాలు ఎక్కువ. ఎర్తింగ్ లేకుండా మిద్దె మీద ఇనుప కడ్డీ నిలబెట్టొద్దు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో అద్దెకుంటున్నవాళ్లు ఇంటి ఓనర్‌తో ముందే మాట్లాడి, ఎర్తింగ్ ఎక్కడ కలుపుతున్నారో చూపించడం మంచిది.

మన మిద్దెల మీద మల్టీపాత్‌కు కారణాలు కొల్లలు: సింటెక్స్ ట్యాంకు, సోలార్ వాటర్ హీటర్, స్టీలు రైలింగ్, పక్కింటి మెట్ల గది. వీటికి తగిలి చుట్టుతిరిగి వచ్చిన సిగ్నల్ కోడ్ కొలతను మీటర్ల మేర తప్పిస్తుంది. యాంటెన్నాను వీటన్నింటికంటే కనీసం ఒక మీటరు ఎత్తున పెట్టండి. వీలుపడకపోతే కనీసం దక్షిణం, ఈశాన్యం, వాయవ్యం తెరిచి ఉంచి, ట్యాంకు సరిగ్గా ఉత్తరానికి వచ్చేలా చోటు ఎంచుకోండి. అక్కడ 37 డిగ్రీల కింద పోయేదేమీ లేదు కదా.

గ్రాఫులో కనిపించే అల మల్టీపాతా, నిజమైన ప్లాస్మా అలా అన్న అనుమానం వస్తే, రెండు రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టండి. జీపీఎస్ ఉపగ్రహం ప్రతిరోజూ దాదాపు 4 నిమిషాలు ముందుగా అదే దారిన వస్తుంది. అల కూడా 4 నిమిషాలు ముందుకు జరిగి అలాగే కనిపిస్తే అది మీ ట్యాంకుదే. గెలీలియోతో ఈ ఉపాయం కుదరదు, దాని దారి పది రోజులకు గానీ తిరిగిరాదు.

రిసీవర్ బోర్డును మిద్దె మీద పెట్టెలో బిగించకండి. బోర్డు వేడెక్కితే బయాస్ కదులుతుంది. మధ్యాహ్నం వేడీ మధ్యాహ్నం టీఈసీ ఒకే వేళ పెరుగుతాయి కాబట్టి తప్పు కంటికి ఆనదు. బోర్డు గదిలో, నీడలో ఉండాలి. యాంటెన్నా, బోర్డుల్లో ఏది మార్చినా బయాస్ మళ్లీ మొదటి నుంచి తేల్చాల్సిందే. తేదీ రాసిపెట్టుకోండి.

బోర్డు నుంచి ఆర్ఎక్స్ఎం-రాఎక్స్, ఆర్ఎక్స్ఎం-ఎస్ఎఫ్ఆర్‌బీఎక్స్ అనే రెండు సందేశాలు తెరవండి. మొదటిది కొలతలు, రెండోది ఉపగ్రహ కక్ష్యల సమాచారం. రెండోది మరిచిపోతే ఉపగ్రహం ఎక్కడుందో తెలియక, ఎఫెమెరిస్ ఫైలు వేరే తెచ్చుకోవాల్సి వస్తుంది. 60 సిగ్నళ్లతో సెకనుకొక కొలత తీస్తే రోజుకు 170 మెగాబైట్ల దాకా అవుతుంది. సీరియల్ పోర్టు వేగం ఫ్యాక్టరీలో 38400కు పెట్టి ఉంటుంది, ఇరుకైపోతుంది. యూఎస్‌బీ వాడండి, లేదా వేగాన్ని 115200 చేయండి. గంటకొక ఫైలు చొప్పున రాయించండి. కరెంటు పోయినప్పుడు ఆ గంట మాత్రమే పోతుంది. డేటా రాసుకునే ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్‌కు ఒక యూపీఎస్ పెడితే మెమరీ కార్డు బతుకుతుంది. రైనెక్స్‌లోకి మార్చడానికి ఆర్‌టీకేలిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని కన్వ్‌బిన్ చాలు.

కనెక్టర్ల మీద సాగే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు చుట్టండి. వాన నీరు మెల్లగా దిగుతుంది, ఒక్కరోజులో తెలియదు. ఎత్తైన ఉపగ్రహాల సిగ్నల్ బలం వారం వారం గీసి చూస్తుండండి. 3 డెసిబెల్ పడిందంటే విప్పి చూడాల్సిందే.

సైకిల్ స్లిప్పా, ప్లాస్మా బుడగా?

ఈ పని మొత్తంలో బెంగళూరుకు ప్రత్యేకమైన ఘట్టం ఇది, ఇక్కడ నిదానంగా ఉండాలి.

సూర్యాస్తమయం కాగానే ఐనోస్ఫియర్ కింది పొరలు త్వరగా కరిగిపోతాయి. అదే వేళ విద్యుత్ క్షేత్రం ఒక్కసారి బలపడి పై పొరను ఇంకా పైకి ఎత్తుతుంది. దట్టమైన ప్లాస్మా పైన, పలుచనిది కింద. నూనె మీద నీళ్లు నిలవనట్టే ఈ అమరికా నిలవదు. కింది పలుచని ప్లాస్మా బుడగలుగా పైకి చీల్చుకుపోతుంది. రేలీ–టేలర్ అస్థిరత అంటే ఇదే. మన ప్రాంతంలో ఈ బుడగలు ఎక్కువగా ఉగాది ముందూవెనకా, మళ్లీ దసరా ముందూవెనకా, అంటే రాత్రీపగలూ సమానమయ్యే నెలల్లో, రాత్రి ఏడున్నర, ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా వస్తాయి. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో మరీ ఎక్కువ.

కిరణం బుడగలోకి ప్రవేశించగానే టీఈసీ నిమిషాల్లో పదులకొద్దీ యూనిట్లు పడిపోయి, మళ్లీ లేస్తుంది. అదే సమయంలో సిగ్నల్ మిణుకుమంటుంది, రిసీవర్ పట్టు తప్పి ఫేజ్‌లో కొన్ని సైకిళ్లు జారిపోతాయి, సైకిల్ స్లిప్ అంటే ఇదే. అంటే నిజమైన దూకుడూ అబద్ధపు దూకుడూ ఒకే చోట కలిసి వస్తాయి.

ఆర్‌టీకేలిబ్‌లో స్లిప్ పరిమితి ఫ్యాక్టరీ విలువ 5 సెంటీమీటర్లు, అంటే దాదాపు అర యూనిట్. 30 సెకన్ల కొలతలతో అది నిమిషానికి ఒక యూనిట్ కంటే వేగంగా మారిన ప్రతిదాన్నీ స్లిప్ అంటుంది. బుడగ అంచు అంతకంటే ఎంతో వేగంగా మారుతుంది. ఫలితం: బుడగ అంచు దగ్గర ఆర్క్ తెగుతుంది, తెగిన ముక్కలు పొట్టివని తీసివేతకు గురవుతాయి, రాత్రంతా ప్రశాంతంగా గడిచినట్టు గ్రాఫు వస్తుంది.

దీనికి విరుగుడు సెకనుకొక కొలత. నిమిషానికి 6 యూనిట్ల వేగంతో టీఈసీ మారినా, ఒక సెకనులో అది 0.1 యూనిట్, అంటే ఒక సెంటీమీటరే. రెండు ఫ్రీక్వెన్సీల్లోనూ ఒక్కో సైకిల్ జారితే వచ్చే దూకుడు 5.4 సెంటీమీటర్లు, ఎల్1లో మాత్రమే జారితే 19. కాబట్టి సెకను డేటాలో 3 సెంటీమీటర్ల దగ్గర గీత గీస్తే రెండూ చాలామటుకు విడిపోతాయి. ముందు సెకను డేటాలో స్లిప్‌లు పట్టి, ఆ తర్వాతే 30 సెకన్లకు కుదించండి. తారుమారు చేయొద్దు.

కొన్ని జంటలు ఈ వలకు చిక్కవు. ఎల్1లో 9, ఎల్2లో 7 సైకిళ్లు ఒకేసారి జారితే తేడా 3 మిల్లీమీటర్లే. అలాంటివాటికి రెండు ఫ్రీక్వెన్సీల కోడ్, ఫేజ్ కొలతలను కలిపే మెల్‌బోర్న్–వుబ్బెనా కలయికను కూడా పక్కన నడపండి. దాని తరంగదైర్ఘ్యం 86 సెంటీమీటర్లు కావడంతో ఇలాంటి జారుడు అందులో రెండు పూర్తి మెట్లుగా బయటపడుతుంది. ఎఫ్9పీ ఒక్కోసారి అర సైకిల్ కూడా జారుతుంది. రాఎక్స్ సందేశంలో అర సైకిల్ తేలిందో లేదో చెప్పే గుర్తు ఉంటుంది, పట్టు ఎప్పటి నుంచి నిలిచిందో చెప్పే లాక్‌టైమ్ గడీ ఉంటుంది. లాక్‌టైమ్ మళ్లీ సున్నాకు వస్తే ఇక వాదన అనవసరం, అక్కడ ఆర్క్ కొత్తగా మొదలు.

బుడగల తీవ్రత చెప్పడానికి ఆర్‌ఓటీఐ అనే కొలమానం వాడండి. 30 సెకన్ల ఫేజ్ టీఈసీ మార్పును నిమిషానికి ఎన్ని యూనిట్లో లెక్కించి, ప్రతి 5 నిమిషాల కిటికీలో ప్రామాణిక విచలనం తీస్తే అదే. 0.5 దాటితే అల్లకల్లోలం ఉన్నట్టు. దీనికి బయాస్ అక్కర్లేదు, లెవలింగ్ అక్కర్లేదు, పక్కన దాచిన పొట్టి ఆర్క్‌లూ 15 డిగ్రీల దాకా దిగిన కొలతలూ ఇక్కడ పనికొస్తాయి. దీన్ని ఎస్4 సూచికతో కలిపేయకండి. ఎస్4 కొన్ని వందల మీటర్ల ముక్కల వల్ల వచ్చే మిణుకును కొలుస్తుంది, ఆర్‌ఓటీఐ కిలోమీటర్ల ముక్కలను. ఎఫ్9పీ సిగ్నల్ బలాన్ని పూర్ణాంక డెసిబెళ్లలోనే ఇస్తుంది కాబట్టి దానితో ఎస్4 లెక్కించి ప్రచురించడం తగదు.

గ్రాఫు ఎలా గీయాలి, దేనితో పోల్చాలి

అడ్డం మీద కాలం, నిలువు మీద పియర్స్ పాయింట్ అక్షాంశం, రంగులో నిలువు టీఈసీ. 8 నుంచి 19 డిగ్రీల దాకా ఒకే బొమ్మలో కనిపిస్తే, పగలు వాలు ఎప్పుడు నిటారవుతుందో, రాత్రి బుడగ ఏ అక్షాంశం దాకా చేరిందో చూడగానే తెలుస్తుంది. కాలం విషయంలో జాగ్రత్త. జీపీఎస్ సమయం యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటుంది. బెంగళూరు సౌర కాలం మన గడియారం కంటే దాదాపు 20 నిమిషాలు వెనుక. మచిలీపట్నం మీది పాయింట్‌కూ కొల్హాపూర్ మీది పాయింట్‌కూ మధ్య సౌర కాలంలో 28 నిమిషాల తేడా ఉంటుంది. సాయంత్రం మార్పులను పోల్చేటప్పుడు ఆ పాయింట్ స్థానిక కాలాన్నే వాడాలి.

ఉపగ్రహం కదులుతూ ఉండటం వల్ల చోటు మార్పూ కాలం మార్పూ కలిసిపోతాయి. దీనికి బైదూ భూస్థిర ఉపగ్రహాలు మంచి విరుగుడు. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం పరిసరాల్లో ఉండేది మనకు దాదాపు నడినెత్తిన, 74 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. దాని పియర్స్ పాయింట్ రోజంతా ఒకే చోట ఉంటుంది. బీ1ఐ, బీ2ఐ జంటకు గుణకం 8.99. అయితే అది కదలదు కాబట్టి మల్టీపాత్ కూడా కదలదు, సగటులో పోదు. దాని నుంచి మార్పులు తీసుకోండి, స్థాయి తీసుకోవద్దు.

పగటి వాలు ఒక్కోరోజు ఒక్కోలా ఎందుకుందో తెలియాలంటే ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్, అంటే అయస్కాంత భూమధ్యరేఖ మీద ఐనోస్ఫియర్‌లో పగటిపూట పారే విద్యుత్ ప్రవాహం, చూడండి. తిరునల్వేలి, అలీబాగ్ అయస్కాంత కేంద్రాల క్షితిజ సమాంతర క్షేత్రాల తేడా దాని బలానికి కొలమానం. ఉదయం ఎలక్ట్రోజెట్ బలంగా ఉన్న రోజు, కొన్ని గంటల తర్వాత పల్లం లోతవుతుంది, పోగు పెరుగుతుంది. సౌర పవనం వైపు నుంచి చూడాలంటే 2024 జనవరి 6న ఎల్1 బిందువు (ఇది జీపీఎస్ ఎల్1 కాదు, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న లగ్రాంజ్ బిందువు) చుట్టూ కక్ష్యలో చేరిన ఆదిత్య-ఎల్1 కొలతలు ఉన్నాయి. బెంగళూరు శివార్లలోని బ్యాలాళులో ఉన్న ఇస్రో డేటా కేంద్రం వాటిని ప్రదాన్ పోర్టల్‌లో పెడుతుంది. అయస్కాంత తుపాను రోజు సాధనకు 2024 మే 10, 11 తేదీలు తీసుకోండి. భూ అయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే డీఎస్‌టీ సూచిక మైనస్ 400 నానోటెస్లా దాటి పడిన తుపాను అది. మన గడియారం ప్రకారం మే 10 రాత్రి పదిన్నర దాటాక మొదలైంది, కాబట్టి 11వ తేదీ పగలంతా ముందూవెనకా ఉన్న ప్రశాంత దినాలతో పక్కపక్కన పెట్టి చూడాలి.

బుడగల వేగం తేల్చడం మొదటి సొంత ఫలితంగా బాగుంటుంది. ఒకే అక్షాంశం దగ్గర, పడమర నుంచి తూర్పుకు దాదాపు 200 కిలోమీటర్ల ఎడంలో పియర్స్ పాయింట్లున్న రెండు ఉపగ్రహాలను ఎంచుకోండి. ఒకే ఆకారపు పతనం పడమటి దానిలో ముందు, తూర్పు దానిలో 30 నిమిషాల తర్వాత కనిపిస్తే వేగం సెకనుకు సుమారు 110 మీటర్లు. సాయంత్రపు బుడగలు తూర్పుకు పోయే వేగం ఆ స్థాయిలోనే ఉంటుంది. కానీ ఆ అరగంటలో పియర్స్ పాయింట్లు కూడా జరిగి ఉంటాయి. దూరాన్ని ఒకే క్షణంలో కొలవకండి. మొదటి పతనం వేళ మొదటి పాయింట్ ఎక్కడుందో, రెండో పతనం వేళ రెండో పాయింట్ ఎక్కడుందో చూసి, ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని మాత్రమే భాగించండి.